గానుగ నూనె పోసిన బండి

నాకు శబ్దం అంటే పడదు. తలుపు కిర్రుమన్నా, ఫ్యాను టకటకమన్నా దాని సంగతి తేల్చేదాకా అన్నం సయించదు. మా ఆవిడ దీన్ని చెవి రోగం అంటుంది. నాకున్న ఇంకో రోగం నోటిది. అది దీనికంటే పాతది, మందు లేనిది. ఈ రెండూ కలిసి కిందటేడు మా కుందుర్పిలో ఒక పెద్దమనిషి పరువు తీశాయి. అది నా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి నేనే చెప్పాలి.

మాది గానుగ ఇల్లు. నాయన బతికున్నన్నాళ్ళూ బుడ్డల నూనె తీశాడు. వేరుశనగను మా వైపు బుడ్డలంటాం. ఆ నూనె మా ఇంట్లో వంటకొక్కదానికే కాదు. తలకు, మోకాళ్ళకు, తలుపు బందులకు, బావి గిలకకు, అన్నిటికీ అదే. ఎద్దుల బండి ఇరుసుకైతే దాంట్లోనే గడ్డి మసి కలిపి కందెన చేసి పూసేవాడు. "నూనె తగలని ఇనుము ఏడుస్తాది" అనేవాడు. పంటలు బాగా పండిన రోజుల్లో ఆయన కొన్న అంబాసిడర్ కారు ఇప్పుడు నా దగ్గరుంది. దాంతో పాటు ఆ మాట కూడా నాకు ఆస్తిగా వచ్చింది.

మా ఆవిడకు వెన్నుపూస జారింది. వారానికోసారి కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్సులో కూర్చోలేదు, బైకు మాట ఎత్తితేనే భయం. అంబాసిడర్ వెనక సీటులో దిండు పెట్టుకుని కూర్చుంటే కాస్త నయం. అందుకని ఉగాది అయిన వారానికే ముందు చక్రాల దగ్గర పని చేయించాను. బస్టాండు వెనక షెడ్డులో ఉండే మేస్త్రీ చేశాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఆదివారం చర్చికి పోయొచ్చినాకే షెడ్డు తెరుస్తాడు. మా మండలంలో అంబాసిడర్ ముందు భాగం విప్పి మళ్ళీ బిగించగలిగినవాడు ఆయన ఒక్కడే.

ఆయన పని చూడముచ్చటగా ఉంటుంది. జాకీ పెట్టి లేపి, చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపుతాడు. తర్వాత పక్కల పట్టుకుని ఊపుతాడు. పైకీ కిందికీ ఆడితే ఒక జబ్బు, పక్కలకు ఆడితే ఇంకో జబ్బు. చక్రాన్ని మోసే ఇనప చేతుల కీళ్ళలో రబ్బరు బుష్షులుంటాయి. అవి అరిగిపోయాయని చెప్పి కొత్తవి వేశాడు. తాళాలిస్తూ చెప్పాడు: "కొత్త రబ్బరప్పా. నెలో రెండు నెలలో కీచుమంటాది. దానంతట అదే సర్దుకుంటాది. దానికేమీ పుయ్యొద్దు."

మూడో రోజుకే కీచుమంది. గతుకులో దిగినప్పుడల్లా ఎలుక పిల్లను తొక్కినట్టు ఒక శబ్దం. రెండు నెలలు దాన్ని వింటూ కూర్చునే ఓపిక నాకెక్కడిది? శనివారం పొద్దున చిన్న డబ్బాలో గానుగ నూనె పట్టుకుని కారు కిందికి దూరాను. బుష్షు బుష్షుకీ తడిసేలా పోశాను. శబ్దం ఆ క్షణమే ఆగిపోయింది. మేస్త్రీ కంటే మా నాయనకే ఎక్కువ తెలుసు అనుకుని మురిసిపోయాను. ఆ తర్వాత ప్రతి శనివారం పోశాను. ఇంట్లో దేవుడి దీపానికి నూనె మర్చిపోయానేమో కానీ కారుకు మర్చిపోలేదు.

వానలు రావలసిన కాలం వచ్చింది, వానలు రాలేదు. అప్పుడే కారులో కొత్త జబ్బు మొదలైంది. ఎడమ చక్రం గుంతలో పడితే ఠక్కుమంటుంది. స్టీరింగు వదిలితే ఎడమ పక్కకు లాగుతుంది. నాకు తెలిసినవన్నీ చూశాను. టైర్లలో గాలి చూశాను, సమంగానే ఉంది. టైర్లు కుడివి ఎడమకు, ఎడమవి కుడికి మార్చాను, అయినా ఎడమకే లాగింది. ముందు మడ్‌గార్డు మీద బరువేసి నొక్కి వదిలాను. ఒకసారి లేచి నిలబడింది, అంటే షాకబ్జార్బర్లు బాగున్నట్టే. అన్నీ వెతికాను. నేను నూనె పోసిన చోటు మాత్రం వెతకలేదు.

ఒక బుధవారం ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాం. కల్వర్టు ముందు గుంతలో చక్రం దిగింది. స్టీరింగు నా చేతుల్లోంచి గుంజుకున్నట్టు ఎడమకు తిరిగింది. కారు మైలురాయికి కొట్టుకుని ఆగింది. మా ఆవిడ ముందు సీటుకు గుద్దుకుని కింద పడింది. ఏడవలేదు. నడుం పట్టుకుని, "నన్ను కదిలించొద్దు" అంది. అసలే వెన్నునొప్పి మనిషి, గోరుచుట్టు మీద రోకటి పోటు. నెల రోజులు మంచం మీదే ఉంది. ఆ మాట అన్నప్పటి ఆమె ముఖం నాకిప్పటికీ గుర్తొస్తుంది. 

మర్నాడు పొద్దున బస్టాండులో టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు. కారుకేమైందని ఎవరో అడిగారు. నా నోరు లేచింది. "ఆయప్ప చేతిలో పని పోయినాది. కండ్లు కనపడవు, నట్టు బిగించేకి చేతగాదు. ఆయన్ని నమ్మి బండి ఇస్తే మనుషుల్ని చంపుతాడు" అన్నాను. అందరూ విన్నారు. ఒక్కరూ కాదనలేదు. మేస్త్రీ షెడ్డు అక్కడికి నలభై అడుగులు. అక్కడికి పోయి అడగాలని నాకు తోచనే లేదు.

కారును లారీ మీద అనంతపురం పంపించి ఇంకో మెకానిక్కుకు చూపించాను. ఆయనా అలాగే లేపి చక్రం ఊపాడు. పైన పట్టుకుంటే కింద ఆడింది. విప్పాడు. రబ్బరు బుష్షులు ఉబ్బిపోయి, నానిన తోలులా మెత్తగా ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడింది. చుట్టూ మా ఊరి దుమ్ము నూనెలో నాని ముద్దకట్టింది. ఆయన ఒక ముక్క తీసి వాసన చూసి నావైపు తిరిగాడు.

"ఏమప్పా, బజ్జీల వాసన వస్తాంది. దీనికి వంట నూనె ఎవరు పోసినారు?"

"తెలీదు" అన్నాను.

"రబ్బరుకు నూనె విషమప్పా. పోసినోడు ఎవడో గానీ, బిగించినోడు పనిమంతుడు. ఒక్క నట్టు వదులు కాలేదు సూడు."

కొత్త బుష్షులు వేయించుకుని తిరిగొస్తుంటే కారు నీళ్ళలో పడవలా మెత్తగా పోయింది. నాకు మాత్రం ఒళ్ళంతా మండింది. నా మీద నాకే అంత కోపం ఎన్నడూ రాలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పృథివి దాటక్కర్లేదు, కుందుర్పి దాటితే చాలు. అది దాటింది. పిల్లల్ని దింపే స్కూలు వ్యాను మేస్త్రీ దగ్గర ఆగడం మానేసింది. బుడ్డలు తోలే టెంపోలు రిపేరుకు పావగడ దాకా పోతున్నాయి. అయినా ఆయన ముందుకు పోవడానికి నాకు వారం పట్టింది. తిట్టడానికి ఒక్క రాత్రే పట్టింది.

పోయేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. పానాలన్నీ తుడిచి, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను, శనివారాల నూనెతో సహా. ఆయన తల వంచుకుని విన్నాడు.

"నువ్వు బండి తెచ్చింటే వాసన సూసి నేనే చెప్పేవాణ్ని" అన్నాడు. "బండి తేలేదు నువ్వు. మాట తెచ్చినావు. అదీ నా కాడికి గాదు, టీ కొట్టుకు."

"తప్పయిపోయిందన్నా."

"నాకు తెలుసప్పా, నేను సరిగ్గానే బిగించినా. నాకెందుకు చెప్తాండావు? ఆడ పదిమందిలో అన్నావు. ఆడ చెప్పు."

అటునుంచటే టీ కొట్టుకు పోయాను. ఆ రోజు విన్నవాళ్ళలో చాలామంది ఉన్నారు. గట్టిగా చెప్పాను. తప్పు మేస్త్రీది కాదు, వద్దన్నా వినకుండా గానుగ నూనె పోసింది నేను, అనంతపురం మెకానిక్కు కూడా ఆయన పనిని మెచ్చుకున్నాడు, అని.  టీ కొట్టాయన నవ్వాడు.

"మేస్త్రీ పెద్దోడు, ఆయప్ప షెడ్డు మూతపడతాదని తప్పు నీ నెత్తిన ఏసుకుంటాండావు. మీ నాయన గూడా ఇట్లే, ఎవురి కడుపూ కొట్టేవాడు కాదు."

"లేదప్పా, నిజంగా నేనే పోసినా."

"పోసింటావులే అన్నా" అని బెంచీ మీది మనిషి నాకు చోటిచ్చాడు. "వంట నూనెకు కారు పోయి రాయికి గుద్దుకుంటాదా యాడన్నా? మేమూ బండ్లు నడిపినోళ్ళమే."

చెడ్డ మాట అన్న రోజు సాక్ష్యం అడగనివాళ్ళు, మంచి మాట చెప్తే నమ్మలేదు. పైగా నన్ను మెచ్చుకున్నారు. టీ చేతికిచ్చి దుడ్లు వద్దన్నాడు కొట్టాయన. ఎప్పుడూ అదుపులో ఉండని నా నోరు అప్పుడు లేవలేదు. నలభై అడుగుల దూరంలో షెడ్డు రేకు తలుపు సగం తెరిచి ఉంది. ఆయన వింటున్నాడేమోనని అటు తిరిగి చూసే ధైర్యం లేక, నేను ఆ టీ తాగేశాను.