చీటీ కాదన్నా బైపీసీనే

మా మరిది పేరు సమాధానం. అతనికి చీటీల పిచ్చి. ఏ పని మొదలుపెట్టాలన్నా కాగితం ముక్కలు చింపి, ఒక్కోదాని మీద ఒక్కో మాట రాసి, మడిచి, ప్రార్థన చేసి, కళ్ళు మూసుకొని ఒకటి తీస్తాడు. వచ్చిందే దేవుని చిత్తం. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. గోడలకు ఏ రంగు వేయాలో చీటీ. నా చెల్లెలు జయశీల కాన్పుకు అల్లూరు ఆసుపత్రా, నెల్లూరు ఆసుపత్రా అన్నదీ చీటీయే. పుట్టిన పిల్లకు రాహేలు, ఎస్తేరు, ఫేబీ అని మూడు పేర్లు రాస్తే ఫేబీ వచ్చింది. ఒకసారి పెళ్ళికి పోవాలా వద్దా అని తీస్తే వద్దని వచ్చింది. పెళ్ళికూతురు సొంత మేనకోడలు. ఆ కోపం వాళ్ళకు ఇంకా తీరలేదు.

నాది అల్లూరు బస్టాండు దగ్గర దోసెల అంగడి. నా పేరు ఎలిశబెతు. దేవుడంటే నాకూ భక్తి ఉంది. అయితే పెనం కాలిందో లేదో నీళ్ళు చల్లి చూస్తాను తప్ప చీటీ తీసి చూడను. ఈ మాట మరిది ముందు అంటే మూడు రోజులు ముఖం ముడుచుకొని తిరుగుతాడు. అందుకే వారానికి ఒకసారైనా అంటూ ఉంటాను.

ఇలాంటి ఇంట్లో పుట్టింది ఫేబీ. బక్కపల్చటి పిల్ల, నడిచినా పరిగెత్తినట్టే ఉంటుంది. మాటలు వచ్చినప్పటి నుంచి దాని నోట్లో ‘ఎందుకు’ తప్ప వేరే మాట లేదు. సమాధానం ఇసకపల్లి దారిలో ఒక ఆసామి రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు. మేత చల్లాలి, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోకుండా చూసుకోవాలి, మేత తిన్నాయో లేదో తెలుసుకోవడానికి చెక్ ట్రే పైకెత్తి చూడాలి. బడి లేని రోజున నాన్నకు అన్నం క్యారియరు తీసుకుపోయిన పిల్ల పొద్దుగూకే దాకా తిరిగొచ్చేది కాదు. ట్రేలో ఎగిరే రొయ్యను పట్టుకొని ఎండకు ఎత్తి చూసేది. పచ్చి రొయ్య ఒళ్ళు అద్దంలా ఉంటుంది కదా, లోపల పేగు నల్లదారంలా కనబడుతుంది. ఆ దారం తెగి ఉంటే ఎందుకు తెగిందని తండ్రిని చంపుకుతినేది. అతనికి తెలిస్తే కదా చెప్పడానికి!

అది తొమ్మిదిలో ఉన్నప్పుడు గుంటలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. ఒక గుంటలో రొయ్యలన్నీ గట్టుకు చేరి చచ్చాయి. నెల్లూరు ల్యాబు నుంచి ఒక అమ్మాయి వచ్చి, కొన్నిటిని పట్టుకుపోయి పరీక్ష చేసి, ఫలానా జబ్బని ఫోను చేసి చెప్పింది. ఆ గుంట నీళ్ళు పక్క గుంటల్లోకి పోకుండా ఆపేసి మిగతావి దక్కించుకున్నారు. ఆ సాయంత్రం ఫేబీ నా అంగడికి వచ్చి కూర్చుంది. ముందున్న కారం దోసె చల్లారిపోతున్నా చెయ్యి పెట్టలేదు.

“పెద్దమ్మా, నేను ఆ యక్క చేసే పనే చేస్తా,” అంది. దానికి ముందు బైపీసీ చదవాలట, తర్వాత చేపల చదువుకు వేరే కాలేజీ ఉందట. అన్నీ ఆ అమ్మాయినే అడిగి తెలుసుకొని వచ్చింది.

ఈ ఏడు పదో తరగతి ఫలితాలు నా ఫోనులోనే చూశాం. తెలుగు ఎనభై ఎనిమిది. సోషలు ఎనభై మూడు. సైన్సు నలభై ఒకటి.

పాసే, కాదనను. కానీ సైన్సే ప్రాణమని ఊరంతా చెప్పుకు తిరిగిన పిల్లకు సైన్సులోనే నలభై ఒకటి! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికి తిరగలేదు. పేజీని వేలితో కిందికీ పైకీ జరిపి చూసి, ఫోను నా చేతిలో పెట్టింది.

“ఫిజిక్సు ముంచింది పెద్దమ్మా. ఇంగ్లీషులో చెప్తే బుర్రకెక్కలా. ఎక్కలేదని సార్‌ని అడగకుండా బట్టీ పట్టినా. పట్టింది పరీక్షలో ఎగిరిపోయింది. తప్పు నాదే.”

“ఇప్పుడేం చేస్తావుమే?”

“ఏం చేస్తా? మార్కులు తగ్గినాయి గాని, నా ఇష్టం తగ్గలా గదా!”

మా చర్చి సంఘంలో పిల్లల చదువుల సంగతి తేల్చేది సుశీల్ కుమార్ సార్. హెడ్మాస్టరుగా రిటైరై, సంఘపెద్దగా ఉన్నాడు. మంచివాడే. ఎవరికి కష్టం వచ్చినా ముందు వచ్చి నిలబడతాడు. అయితే ఆయన ఒక మాట అన్నాక దానికి తిరుగు లేదని అందరూ అనుకుంటారు, అందరికంటే ముందు ఆయనే అనుకుంటాడు.

ఫలితాలు తెలిసిన సాయంత్రమే సమాధానం ఇంటికి వచ్చి, “బైపీసీ అంటే మాటలా? ఈ మార్కులతో పోతే మొదటి ఏడే ఫెయిలు. తెలుగు, సోషలు బాగుండాయి. సీఈసీ తీసుకోనీ. హాయిగా డిగ్రీ చేసి ఉద్యోగ పరీక్షలు రాసుకుంటాది,” అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

సమాధానం తల గోక్కున్నాడు. “దేవుణ్ణి అడుగుదాం సార్,” అన్నాడు. ఇంకేముంది, శనివారం సాయంత్రం కుటుంబ ప్రార్థన పెట్టుకున్నారు. మా పాస్టరు బెన్హర్ అయ్యగారు కూడా వచ్చాడు. చిన్న వయసాయన, సంఘానికి కొత్త. చాపలు పరిచి అందరం కూర్చున్నాం. సుశీల్ కుమార్ సార్ తన పెన్నుతో తనే పైకి చదువుతూ చీటీలు రాశాడు. సీఈసీ. హెచ్ఈసీ. ఒకేషనల్. మడిచి స్టీలు గిన్నెలో వేశాడు.

“సార్, నా చీటీ ఏది?” అంది ఫేబీ.

“ఏ చీటీ?”

“బైపీసీ.”

సార్ నవ్వాడు. “అది రాయలేదమ్మా. అయ్యే పనినే దేవుని ముందు పెట్టాల. కానిదాన్ని పెట్టి ఆయన్ను ఇబ్బంది పెట్టగూడదు.”

“ఇబ్బందని దేవుడు మీకు చెప్పినాడా సార్?”

“ఏందిమే ఆ మాటలు!” అని జయశీల దాని తొడ మీద గిల్లింది. గిల్లితే ఆగే రకమా అది?

“బియ్యంలో రాళ్ళేరినట్టు ముందే మీకు ఇష్టం లేనిదాన్ని ఏరి పారేసినారు. మిగిలినదాంట్లో దేవుణ్ణి ఎంచుకోమంటే అది దేవుడి చిత్తమా, మీ చిత్తమా?”

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నవ్వు ఆగితే కదా! సార్ ముఖం గంటు పెట్టుకున్నాడు. సమాధానం మాత్రం ఆలోచనలో పడ్డాడు. ఎన్ని పిచ్చులున్నా చీటీల దగ్గర అతనిది నిఖార్సయిన మనసు. చీటీలో మోసం చేస్తే దేవుణ్ణి మోసం చేసినట్టే అతనికి.

“పిల్ల చెప్పింది న్యాయం సార్. అది కూడా రాయండి,” అన్నాడు.

సార్ రాశాడు. కాగితం చిరిగేటంత నొక్కి రాశాడు. అయ్యగారు ప్రార్థన చేశాడు. సమాధానం కళ్ళు మూసుకొని గిన్నెలో చెయ్యి పెట్టాడు. విప్పి చదివాడు.

“సీఈసీ.”

“స్తోత్రం,” అన్నాడు సార్. నా చెల్లెలు కూడా గొంతులోనే అంది. సార్ రాసిన మూడు చీటీలే అయి ఉంటే పోట్లాడటానికి ఒక దారి ఉండేది. పిల్ల తానే అడిగి తన చీటీ వేయించుకుంది. తాను తీసిన గోతిలో తానే పడింది. ఇప్పుడు ఏడుస్తుందనుకున్నాను.

“నేను బైపీసీనే చదువుతా నాయనా,” అంది.

“చీటీ ఏమొచ్చిందో చూసినావు గదా.”

“చూసినా.”

“నీది కూడా వేసినాం గదా.”

“వేసినారు. రాలా. అయినా బైపీసీనే.”

“దేవుడు కాదన్నాడుమే!” అని అరిచాడు సమాధానం. అతను కూతురి మీద గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

ఫేబీ లేచి నిలబడింది. “కాదంటే మళ్ళా అడుగుతా. నా పసితనంలో జ్వరం తలకెక్కితే నెల్లూరు డాక్టరు ఇంక కష్టమన్నాడంట గదా. దేవుని చిత్తమని అమ్మ నన్ను ఎత్తుకొని ఇంటికొచ్చేసిందా? ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని, నా బిడ్డను ఇచ్చిందాకా లేవను అని దేవుడితో జగడం పెట్టుకోలా? క్రిస్మస్ వచ్చినప్పుడంతా చర్చిలో ఆ సాక్ష్యం చెప్పేది నువ్వే గదా నాయనా! అమ్మ జగడం పెట్టుకుంటే విశ్వాసం, నేను పెట్టుకుంటే తిరుగుబాటా?”

అయ్యగారు తల దించుకొని చాప అంచు సవరించుకున్నాడు. “పిల్లకు నోరెక్కువయింది సమాధానం,” అని సార్ చెప్పులేసుకొని వెళ్ళిపోయాడు. సమాధానం అన్నం ముట్టలేదు. “దేవుడు కాదన్నదానికి నా చెయ్యి రాదు. కాలేజీకి నేను రాను, సంతకం పెట్టను,” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నా చెల్లెలు మొగుడి మాట దాటి ఎరగదు. అంటే ఫేబీ చదువు అక్కడికి ఆగినట్టే.

నాకు ఉండబట్టలేదు. పిల్లను పెరట్లోకి పిలిచి, “నేనొస్తా పదమే. పెద్దమ్మనని చెప్పి సంతకం నేను పెడతా,” అన్నాను.

“వద్దు పెద్దమ్మా. దొంగతనంగా చేరితే నాది నిజంగానే తిరుగుబాటు అయిపోతాది. నాయన ఒప్పుకోకుండా చేరను, ఒప్పుకునేదాకా ఊరుకోను,” అంది. ఇంత మొండి పిల్లను నేను మా వంశంలో ఎరగను, నన్ను మినహాయిస్తే.

మరునాడు ఆదివారం. పదో తరగతి ఫలితాలు వచ్చాక వచ్చే ఆదివారం మా చర్చిలో పిల్లల సాక్ష్యాలు ఉంటాయి. మంచి మార్కులు వచ్చినవాళ్ళు ముందుకొచ్చి, మార్కులు చెప్పి, దేవునికి స్తోత్రం చెల్లించి, కానుక వేస్తారు. అందరం చప్పట్లు కొడతాం. తక్కువ వచ్చినవాళ్ళు లేవకూడదని ఎవరూ చెప్పలేదు. ఎవరూ లేవరు, అంతే. సాక్ష్యం చివర ఒక ప్రార్థన మనవి కూడా అడగొచ్చు. అడిగిన మనవిని కాదనడం మా సంఘం పుట్టినప్పటి నుంచీ లేదు. గేదె తప్పిపోయిందన్నా, అత్త నోరు తగ్గాలన్నా అయ్యగారు ప్రార్థన చేయాల్సిందే, మేమంతా ఆమేన్ అనాల్సిందే.

సుశీల్ కుమార్ సార్ మనవరాలు చెప్పింది. ఇంకో ఇద్దరు చెప్పారు. చప్పట్లు మోగాయి. అప్పుడు లేచింది ఫేబీ. జయశీల దాని చున్నీ అంచు పట్టుకొని లాగింది. చున్నీ జయశీల చేతిలోనే ఉండిపోయింది, పిల్ల ముందుకు పోయింది.

“అందరికీ వందనాలు. నాకు సైన్సులో నలభై ఒక్క మార్కులొచ్చినాయి.”

ఎవరో అలవాటు కొద్దీ చప్పట్లు మొదలుపెట్టి ఆపేశారు. వెనక వరసలో కిసుక్కుమని నవ్వు వినబడింది. నవ్విందెవరో నాకు తెలుసు. మర్నాడు అంగడికి వచ్చినప్పుడు ఆవిడకు మాడిన దోసె పెట్టాను.

“అన్నిటికీ స్తోత్రం చెప్పమని నేర్పినారు గాబట్టి నలభై ఒకటికి కూడా చెప్తుండా,” అంది ఫేబీ. “నేను బైపీసీ చదవాల. నిన్న చీటీ వేస్తే రాలేదు. దేవుడు ఒప్పుకోలా, మా నాయన ఒప్పుకోలా. వాళ్ళిద్దరి మనసూ మారాలని మీరందరూ ప్రార్థన చేయండి. ఇదే నా మనవి.”

సార్ సగం లేచి అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు సార్ వైపు చూసి, పిల్ల వైపు చూసి, “ప్రార్థన చేద్దాం,” అన్నాడు.

అందరూ తలలు వంచారు. నేను వంచలేదు. మగవాళ్ళ వైపు కూర్చున్న మరిదినే చూస్తున్నాను. “ప్రభువా, ఈ బిడ్డ మనవి మాకంటే ముందే విన్నావు. మనసులు మార్చేవాడవు నువ్వే,” అని అయ్యగారు ముగించాడు. ఆమేన్ అని చర్చి అంతా మోగింది. సార్ నోట్లోంచి కూడా వచ్చింది, ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? సమాధానం నోరు మాత్రం కదల్లేదు. అయ్యగారు తలెత్తలేదు. ఎవరి ఆమేన్ తక్కువైందో అందరికీ తెలుసు. ఒక్కొక్కరే అతని వైపు తిరిగారు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి జయశీల, పెళ్ళయ్యాక మొగుడికి ఎదురు మాట చెప్పని నా చెల్లెలు, కూతురి చున్నీని గుండెకు పట్టుకొని, అతని ముఖంలోకి చూస్తూ, “ఆమేన్,” అంది. రెండోసారి అంది. గట్టిగా అంది.

సమాధానం చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి వచ్చింది అతని ఆమేన్. తడిసి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

ఆమేన్ అన్నాక మాట తప్పే మనిషి కాదు మా మరిది. కాలేజీలో చేర్చుకునే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకొని కూతురిని తీసుకొని పోయాడు. నేనూ అంగడి మూసి వెంటపడ్డాను. అక్కడి గుమస్తా మార్కులు చూసి పెదవి విరిచాడు. “సైన్సులో ఇంతే వచ్చినాయి, బైపీసీ ఎందుకయ్యా? ఇంకోసారి ఆలోచించుకో,” అన్నాడు.

సమాధానం అతని చేతిలోని పెన్ను తీసుకొని, సంతకం పెట్టి, తిరిగి ఇచ్చాడు.

“దేవుడే మనసు మార్చుకున్నాడు సార్. మీరు రాసుకోండి.”