మంచు మీద వేసిన కూత

ఒక్క కూత. నా నోట్లోంచి వచ్చిందే. దాన్ని ఇన్నేళ్లుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

హుజూర్‌నగర్‌లో నాకు పశువుల మందుల దుకాణం ఉంది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఊరూరా గొర్ల మందలు పెరిగి వ్యాపారం బాగా సాగింది. ఒక మందుల కంపెనీ మా దుకాణదారులను న్యూజిలాండ్ తీసుకెళ్లింది. తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. నా భార్యకు విమానమంటే భయం. తిరుమలగిరి దగ్గర గొర్లు కాసే మా అక్క మొగుణ్ని, మా బావను తీసుకెళ్లాను. గొర్లు కాసే మనిషికి ఇంత లోకం చూపిస్తున్నానని లోపల ఎంత మురిసిపోయానో. తప్పు అక్కడే మొదలైందేమో.

అక్కడ కొండల మధ్య నుంచి మంచు నదిలా గడ్డకట్టి దిగుతుంది. దాని కింద చెరువు. మొదట పెద్ద పడవలో పోయాం. తర్వాత ఇద్దరిద్దరం కయాక్‌లనే సన్నటి పడవల్లో కూర్చుని తెడ్లు వేశాం. మా కయాక్ గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది.

"నువ్వు జర ఊకుండు బామ్మర్ది, నేను చూస్కుంట" అన్నాడు బావ. నేను ఊరుకోగానే సాఫీగా పోయింది. వెనకున్న దుకాణదారులు నవ్వారు. బావ తప్పేం లేదు. అయినా నాకు ఒళ్లు మండింది.

చివరికి కాళ్లకు ఇనుప ముళ్లు కట్టుకుని మంచు మీద నడక. గైడు ముందు, ఆమె వెనక బావ, ఆ తర్వాత మేమంతా. మంచు కింద పగుళ్లుంటాయి, నా అడుగులోనే అడుగు వేయండని ఆమె మరీ మరీ చెప్పింది. బావ పొలం గట్టు మీద నడిచినట్టే నడిచాడు. ఆమె మెచ్చుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. నన్నెవరు చూశారు?

తరతరాలుగా గొర్లు కాసిన మా ఇళ్లల్లో ఒక కూత ఉంది. పెదవులు అదిరిస్తూ 'డుర్ర్‌ర్' అని. మంద మీద తోడేలు పడ్డప్పుడే వేస్తారు. విన్నవాడు ఏ పనిలో ఉన్నా అటు ఉరకాలి, ఎందుకని అడగకూడదు. ఆటకు వేస్తే మా తాత చెవి మెలేసేవాడు.

మఫ్లర్ చాటున ఆ కూత నేను వేశాను. నలుగురిలో ఆయన్ను గొర్రెను చేద్దామని. ఉరుకుతాడని తెలియదా? తెలుసు. పగుళ్లున్నాయని తెలియదా? అదీ తెలుసు. మరి ఆ క్షణంలో ఆ రెండింటినీ కలిపి ఎందుకు ఆలోచించలేదని ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా, ఆలోచించలేదో ఆలోచించదలుచుకోలేదో నాకే అంతుచిక్కదు.

బావ గిరుక్కున తిరిగి వరుస దాటి ఉరికాడు. కాలు తొడదాకా పగులులో దిగబడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను.

దవాఖానలో అడిగాడు. "బామ్మర్ది, నన్నెవరన్న పిలిచిన్రా? మన కూత ఇనవడ్డదిరా."

"లేదు బావా. గాలి గట్ల మోగింది గావచ్చు."

"గంతేనంటవా?"

"గంతే."

"అయితే నా చెవులే చెడిపోయినయి" అని గోడ వైపు తిరిగాడు.

కాలు అతుక్కుంది, కుంటు మిగిలింది. కుంటుకుంటూ అయినా మంద కాసేవాడే. కానీ చెవులను నమ్మనివాడు గొర్లనెట్లా కాస్తాడు? మంద అమ్మేశాడు. గైడు మాట వినకుండా ఉరికావని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఆయన తల వంచుకుంటాడు. నేను పక్కనే కూర్చుని చాయ్ తాగుతాను. సిగ్గుండాలి నాకు.

మొన్న వాళ్లింట్లో ఉండగా అక్క పెరట్లోంచి పిలిచింది. బావ కదల్లేదు. "పిలిచిందా, నాకే ఇనవడ్డదా?" అని నన్నడిగాడు.

"పిలిచింది బావా."

అప్పుడు లేచాడు. నేను పక్కనుంటే ఏది వినబడినా నన్నే అడుగుతాడు. నేను అబద్ధం చెప్పనని ఆయన నమ్మకం.

ఆ రోజు మంచు మీద పిలిచింది నేనే. రాశాను. గొంతు కాస్త తెరుచుకున్నట్టుంది. బావకు చదువు రాదు. అందుకే రాయగలిగానేమో.