ఎడమకు లాగే రంపం

ఆకురాయి ఇనుము మీద కీచుమంటే ఇప్పటికీ నా పళ్ళు జివ్వుమంటాయి. ఈ ఉదయం పక్క కొట్టులో ఎవరో కత్తి నూరుతుంటే చేతిలో పని వదిలేసి కూర్చుండిపోయాను. ఎనభైల్లో నరసరావుపేటలో రంపాలకు పదును పెట్టిన మస్తాన్ బాబాయి గుర్తొచ్చాడు.

మా నాన్న వడ్రంగి. ఆయన పోయాక నాకు మిగిలినవి ఆయన రంపం, ఆయన పేరు. ఏడాదిలోపే రెంటికీ ముప్పు తెచ్చాను. పాత చెక్కను కోసేముందు సుత్తితో తట్టి వినమని నాన్న చెప్పేవాడు. తొందరలో వినలేదు. ద్వారబంధంలో దాగిన మేకు తగిలి రంపానికి పదకొండు పళ్ళు ఎగిరిపోయాయి. దాన్ని పట్టుకుని మస్తాన్ బాబాయి కొట్టుకు వెళ్ళాను.

బాబాయి రంపాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి బొటనవేలితో తడిమాడు.

"ఏందబ్బాయ్, మీ నాయన ముప్పై ఏళ్ళు కోసినా ఒక్క పన్ను ఊడలేదే!"

"బాగవుద్దా బాబాయ్?"

"ఉన్నయ్యన్నీ రాచి కొత్తయి తియ్యాల. చానా పని. మూడు రోజులు పట్టుద్ది."

మూడు రోజులూ వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. కిరసనాయిలుతో తుప్పు వదిలించాడు. మిగిలిన పళ్ళను అరగదీసి, కొత్తవి ఒక్కొక్కటే తీసి, ఒకదాన్ని కుడికీ ఒకదాన్ని ఎడమకూ వంచాడు. అంతా వేళ్ళతోనే. ఒక్కసారి కూడా రంపాన్ని కంటి దగ్గరకు ఎత్తి చూడలేదు. పనితనమంటే ఇదీ అని మురిసిపోయాను.

ఇంటికెళ్ళి కోస్తే గీత వదిలి ఎడమకు పోయింది. మంచి టేకు తలుపు పాడైంది. మండిపోతూ తిరిగి వెళ్ళాను. కొట్టు ముందు నలుగురు వడ్రంగులు రంపాలతో కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే అడిగేశాను.

"నీకు అసలు కనపడతందా బాబాయ్?"

ఆయన ఆ పళ్ళను చాలాసేపు తడిమాడు.

"లేదబ్బాయ్. ఏడాదయింది. ఇంట్లో కూడా చెప్పలా." రంపాన్ని ఒళ్ళోకి లాక్కుని, "ఒక్క పూట ఉంచు, సరిచేస్తా," అన్నాడు.

"వద్దులే బాబాయ్," అన్నాను. జాలిపడ్డాననే అనుకున్నాను.

ఆ నలుగురూ ఒకరి తర్వాత ఒకరు తమ రంపాలు తీసుకుని లేచారు. ఆ నెలలోనే కొట్టు మూతపడింది. క్షమించమని అడగడానికి రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటుండగానే ఆయన పోయాడు. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రంపం నా దగ్గరే ఉంది. పళ్ళు సరిచేయడం నాకిప్పుడు కాసేపటి పని. కానీ ఆయన వంచిన వంపును ముట్టుకోలేదు. గీత గీసుకుని, మణికట్టు కాస్త కుడికి బిగించి కోస్తాను. కోత తిన్నగానే వస్తుంది. ఆ మాత్రం ఓర్పు ఆ రోజే ఉంటే, ఆ నలుగురూ లేచి వెళ్ళేవాళ్ళు కాదు.