పాత పడవకు మోటారు బిగించిన వేసవి

పోయిన నెలలో, నేపర్‌విల్‌లో అమ్మానాన్నల ఇల్లు అమ్మకానికి పెట్టేముందు గరాజ్ ఖాళీ చేయడానికి వెళ్లినప్పుడు, మంచు ఎత్తే పారల వెనక, మూత ఊడిన కూలర్ కింద, పాత దుప్పటిలో చుట్టిపెట్టిన ఒక పొడుగాటి మూట కనిపించింది. విప్పగానే గుప్పుమని ఆముదం వాసన. రెండు మూరల బొమ్మ పడవ, ఎర్రరంగు వెలిసి ఇటుకపొడి రంగుకు దిగిపోయింది, లోపల ఇంజన్ లేదు, మోటారు లేదు, ఉత్త డొల్ల. నాన్న దాన్ని చూసి “అరె, ఇది ఇంకా ఉందా!” అంటూ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకున్నాడు. నాకు మాత్రం, ముప్పై నాలుగేళ్లు వచ్చి ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా, దాన్ని ఆయన చేతుల్లోంచి లాక్కోవాలనిపించింది. హరిత గుర్తొచ్చింది.

నాకు పదేళ్లు వచ్చేదాకా నాన్న పూర్తిగా నావాడే. నేనొక్కదాన్నే పిల్లను, పోటీకి ఎవరూ లేరు. ఆయన ఆఫీసు షికాగోలో. సాయంత్రం రైల్లో దిగేవేళకు అమ్మా నేనూ ఏసీ పనిచేయని మా పాత కారులో అద్దాలన్నీ దించుకుని స్టేషన్ బయట ఎదురుచూసేవాళ్లం. అప్పుడే కోసిన గడ్డి వాసన, ఎవరి పెరట్లోంచో మాంసం కాలుస్తున్న పొగ, చెట్లనిండా కీచురాళ్ల రొద, ఆ రొదను కాసేపు మింగేసే రైలు కూత, తర్వాత టైలు వదులు చేసుకుంటూ మెట్లు దిగివచ్చే జనంలో నాన్న. ఆఫీసులో ఇచ్చే ఉప్పు ప్రెట్జెల్స్ పొట్లం తాను తినకుండా చొక్కా జేబులో దాచి, “అయ్యో, ఇవాళ మర్చిపోయానే” అని మొహం వేలాడేసి, నేను మూతి ముడవగానే తీసేవాడు. ముందు ఉప్పు నాకి, తర్వాత ఒక్కొక్కటే కొరుకుతూ ఇల్లు చేరేదాన్ని. శనివారాలు అమ్మ మెంతులు వేసి కాచిన ఆముదం నడినెత్తిన పెట్టి మర్దనా చేసేది. జూన్‌లో ఇండియన్ షాపుకి పచ్చి మామిడికాయలు దిగితే ఇల్లంతా ఆవపిండి ఘాటు, డ్రైవ్‌వేలో పరిచిన తెల్లబట్ట మీద ముక్కలు, వాటికి కాపలాగా నేను, నాకు కాపలాగా పక్కింటి కుక్క.

హరిత ఆ మామిడికాయల రోజుల్లోనే వచ్చింది. వాళ్లు కరీంనగర్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. వాళ్ల నాన్న ఏదో ప్రాజెక్టులో కన్సల్టెంటు, అమ్మకు నర్సింగ్ హోమ్‌లో పగటి షిఫ్టు దొరికింది. సెలవుల్లో పిల్లను ఎక్కడ ఉంచాలో తెలియక వాళ్లు సతమతమవుతుంటే, “మా ఇంట్లో దింపండి, ఇద్దరూ ఆడుకుంటారు” అని మా అమ్మే మాటిచ్చింది. నా వయసే. రెండు జడలు, మా ఇంట్లోనే వేడిగా తినాలని మా అమ్మ ఏనాడూ తెరవనివ్వని లంచ్ బాక్సు. మొదటి వారం నాకు పండగే. డ్రైవ్‌వే మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్లు గీసి, గవ్వలు లేవని పిస్తా తొక్కలు వేసి ఆడటం తనే నేర్పింది.

చిక్కంతా నాన్న దగ్గర మొదలైంది. ఆయన తెలుగులో అడిగితే నేను ఇంగ్లీష్‌లో జవాబిచ్చేదాన్ని; మా ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదు. హరితను “ఏం తిన్నావమ్మా?” అని అడిగితే, ఏం తిన్నదీ, ఎంత కారంగా ఉన్నదీ, ఊళ్లో వాళ్ల నానమ్మ అయితే దాన్ని ఎలా వండుతుందీ మొత్తం వినిపించేది. నాన్న చెంచా పక్కనపెట్టి వినేవాడు. “ఎంత ముద్దుగా మాట్లాడుతుందే ఈ పిల్ల!” అని ఆయన అమ్మతో అనడం నేను మెట్లమీద కూర్చుని విన్నాను. ఆ మర్నాటి నుంచి స్టేషన్‌కి హరిత కూడా రావడం, ప్రెట్జెల్స్ చెరి సగం కావడం నా కడుపుమంటకు ఆజ్యం పోశాయి.

అప్పుడే నాన్న మూడు వీధుల అవతల, ఇంట్లో పాత సామాన్లు అమ్ముకునే ఒక గరాజ్ సేల్‌లో ఈ పడవ పట్టుకొచ్చాడు. ఇంజన్ బిగుసుకుపోయి ఎన్నో ఏళ్లయిందని, డొల్ల మాత్రం గట్టిదని ఇచ్చిన ముసలాయన చెప్పాడట. వంటింటి బల్లమీద పెట్టగానే అమ్మ ముక్కు మూసుకుంది.

“ఏవండీ, ఈ పడవకి ఎవరో తలంటినట్టున్నారే! ఆముదం కంపు.”

అమ్మ అన్నది నిజమే. ఆ కాలపు బొమ్మ ఇంజన్లలో పోసే ఇంధనంలో ఆముదం కలిపేవారట. ఏళ్ల తరబడి కారిన ఆ నూనెను లోపలి చెక్క మొత్తం తాగేసింది. “ఇంజన్ పీకేసి మనం కరెంటు మోటారు పెడదాం. బ్యాటరీ, రిమోటు. చప్పుడుండదు, పొగుండదు” అన్నాడు నాన్న. మనం అంటే ఆయనా నేనూ అనుకున్నాను. ఆయన హరిత వైపు చూసి కూడా తల ఊపాడు.

నూనె తాగిన చెక్కకు జిగురు పట్టదు. నాన్న గిన్నెలు తోమే సబ్బుతో కడిగాడు, స్పిరిట్‌తో తుడిచాడు, మర్నాటికి మళ్లీ జిడ్డు. చివరికి అమ్మే “శనగపిండి వేసి రుద్దండి. తలకి వదిలే ఆముదం చెక్కకి వదలదా?” అంది. నాన్న నవ్వాడు గాని, పిండి చల్లి రుద్దితే అది నిజంగానే నూనె పీల్చుకుని ముద్దముద్దగా ఊడివచ్చింది. పాత టూత్‌బ్రష్షులు చెరొకటి ఇచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టాడు. నేను అరగంటలో విసుగెత్తి టీవీ చూడ్డానికి పోయాను. ఈ సంగతి దాచడంలో అర్థం లేదు. హరిత మూడు రోజులు రుద్దింది. నాలుగో రోజు నేను తిరిగి గరాజ్‌లోకి వెళ్తే నాన్న పక్కనున్న స్టూలు నాది కాదు.

నాకు టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం దక్కింది. మోటారు ఇరుసూ, వెనక రెక్కను తిప్పే కడ్డీ ఒకే గీతలో ఉండాలట, వెంట్రుకవాసి తేడా వచ్చినా పడవ వణికి చస్తుందట. నాన్న మోటారు కూర్చోవడానికి చిన్న చెక్కపీట కోసి లోపల అటూ ఇటూ జరుపుతుంటే, హరిత ఒక కన్ను మూసి “జర ఎడమకు అంకుల్, ఇంకొంచెం” అనేది. బ్యాటరీ ఎక్కడ పెడితే పడవ వాలకుండా ఉంటుందో చూడ్డానికి స్నానాల తొట్టిలో నీళ్లు నింపి, బరువుకు బదులు కందిపప్పు పొట్లాలు పెట్టి చూశారు. ముక్కు మునిగితే హరిత పొట్లాన్ని నాలుగు వేళ్లు వెనక్కి జరిపింది. పడవ బుద్ధిగా నిలబడింది. “బుర్రంటే ఇదీ!” అన్నాడు నాన్న. నేను తువ్వాలు పట్టుకుని నిలబడి ఆ పొట్లం చిరిగి పప్పంతా నీళ్లపాలైతే బాగుండునని కోరుకున్నాను.

జిగురు వేయాల్సిన రోజు శనివారం. వాళ్ల అమ్మకు ఆ రోజూ షిఫ్టు ఉండటంతో హరిత పొద్దున్నే వచ్చింది. చెక్కను ఆఖరుసారి స్పిరిట్‌తో తుడిచి ఉప్మా తినడానికి లోపలికి వెళ్లింది. నాన్న జిగురు కలిపే పుల్లల కోసం షాపుకి పోయాడు. అమ్మ నా తలకు ఆముదం పెట్టి, నానాలి, అరగంట ఎక్కడా పడుకోకు అని వదిలేసింది. గరాజ్‌లో నేనొక్కదాన్నే. పీట అతికించే చోటు తెల్లగా, పొడిగా, హరిత మూడు రోజుల చాకిరీ అంతా కనిపించేలా ఉంది. నా చెవి వెనకనుంచి నూనె కారుతోంది. రెండు వేళ్లతో దాన్ని తీసి ఆ చెక్కకు రాశాను. మళ్లీ తలలో వేళ్లు పెట్టి, మళ్లీ రాశాను. మెరవకుండా టీషర్టు అంచుతో అద్దాను. గుండె దడదడలాడిందని రాస్తే అబద్ధమవుతుంది. హరిత సరిగ్గా చేయలేదు అని నాన్న నోట ఒక్కసారి వినాలనిపించింది, అంతే.

మధ్యాహ్నం జిగురు వేశారు, పైకి బాగానే బిగిసింది. మరుసటి ఆదివారం మా కాలనీ వెనక చెరువుకు నలుగురం నడిచాం. అమ్మ పడవ ముక్కుకు కుంకుమ బొట్టు పెట్టి నిమ్మకాయ తీసింది. “కారైతే చక్రం కింద పెడతాం, దీనికి దేనికింద పెడతావ్?” అని నాన్న ఏడిపిస్తే, కాయను రెండు చెక్కలు చేసి నీళ్లకు అటొకటి ఇటొకటి విసిరింది. నాన్న రిమోటు హరిత చేతిలో పెట్టాడు. “నువ్వు తర్వాత, సిరీ” అన్నాడు నాతో.

పడవ కదిలింది. చప్పుడే లేదు. వెనక తెల్లటి గీత గీసుకుంటూ, బాతుల్ని ఒరుసుకుంటూ అది వంపు తిరుగుతుంటే నేను అన్నీ మర్చిపోయి చప్పట్లు కొట్టాను. చెరువు మధ్యకు వెళ్లాక లోపల ఏదో గరగరమని, ఆగిపోయింది. నాన్న ప్యాంటు మడిచి మోకాలిలోతు బురదలో దిగి తెచ్చాడు. మూత తీస్తే, నూనె బాగా పడ్డ పెనం మీంచి అట్టు లేచినట్టు, పీటకు పీట శుభ్రంగా లేచి, మోటారు వైర్లకు వేలాడుతోంది. నాన్న పీట తిరగేసి చూశాడు. హరిత కూడా వంగి చూసింది. నేను బాతుల వైపు చూశాను.

“నేనే మంచిగ తుడవలే అంకుల్. సారీ,” అంటూ హరిత వెక్కివెక్కి ఏడ్చింది.

నేను వినాలనుకున్న మాట నాన్న అనలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన పడవ మోశాడు, హరిత రిమోటును రెండు చేతులతో పట్టుకుని ఆయన పక్కనే నడిచింది.

మూడు వారాలకు వాళ్ల నాన్న ప్రాజెక్టు అయిపోయింది. టెక్సస్‌లో ఇర్వింగ్‌లో వేరే పని దొరికి, అద్దె ట్రక్కులో సామాను వేసుకుని వెళ్లిపోయారు. ప్రెట్జెల్స్ పొట్లం మళ్లీ మొత్తం నాదైంది. గరాజ్‌లో రెండో స్టూలు కూడా నాదే, కాని నాన్న ఇక అక్కడ కూర్చోలేదు. “పడవ బాగుచేద్దామా?” అని అడిగితే “చూద్దాంలేమ్మా” అన్నాడు. ఆ చలికాలం నుంచి నేను భోజనాల దగ్గర పట్టుబట్టి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను, అమ్మను వేధించి గుణింతాలు దిద్దాను. ఇవాళ ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది భాషాభిమానం కాదు, పచ్చి ఈర్ష్య. నాన్న “బాగానే నేర్చుకున్నావే” అన్నాడు. ముద్దుగా ఉందని మాత్రం అనలేదు.

పోయిన నెల గరాజ్‌లో, పడవ ఆయన ఒళ్లో ఉండగా, చెప్పేశాను.

“నాన్నా, ఆ రోజు చెక్కకి ఆముదం రాసింది నేను.”

“తెలుసమ్మా,” అన్నాడు తల ఎత్తకుండా. “మెంతుల వాసన ఏ ఇంజన్ ఆయిల్‌కి వస్తుంది? నాకంటే ముందు ఆ పిల్లే పట్టేసింది.”

చెరువులో పడవ ఆగిపోయిన మర్నాడు, నేను లేవకముందే ఆయన హరితతో, తప్పు నీది కాదని నాకు తెలుసు అన్నాడట. దానికి హరిత, “సిరికి చెప్పకుండ్రి అంకుల్. చెప్తే మల్ల నాతోని ఆడదు” అందట. ఆయన మాటిచ్చాడు. ఇన్నేళ్లూ నిలబెట్టుకున్నాడు.

నాకు ఏడుపు రావాలి. సిగ్గు రావాలి. సిగ్గు వచ్చింది, కాకపోతే రాత్రి ఇంటికి డ్రైవ్ చేస్తున్నప్పుడు. ఆ క్షణంలో మాత్రం, ఇరవై నాలుగేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఒక రహస్యం ఉంది, అందులో నేను లేను అన్న ఒక్క సంగతే తోచింది. నేను చేసిన దొంగపనిలో కూడా నాకు చోటు మిగల్లేదు. పదేళ్ల పిల్ల నాకంటే అంత మంచిది కావడం అప్పుడూ భరించలేకపోయాను, ఇప్పుడూ భరించలేకపోతున్నాను.

గరాజ్ ఇప్పుడు ఖాళీ. నాన్న రిటైరయ్యాడు, ఆ సాయంత్రం రైలుకు ఎదురెళ్లేవాళ్లు లేరు. అమ్మ ఆముదం కాచడం మానేసి చాలా కాలమైంది. చెరువు చుట్టూ కంచె వేసి, దిగకూడదని బోర్డు పెట్టారు. మా పిల్లల రిమోటు పడవలు అట్టపెట్టెలోంచి తీసి నీళ్లలో వదలడమే, వాటికి ఏ వాసనా ఉండదు, వాటి కోసం ఎవరూ పోట్లాడుకోరు.

“హరితతో మాట్లాడతావా? నా ఫోన్‌లో నంబరుంది చూడు,” అని ఆ రోజు గరాజ్‌లోనే నాన్న ఫోన్ నా చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. ప్లంబర్‌నీ పాలవాణ్నీ గుర్తుంచుకున్నట్టు మనుషుల పేర్ల పక్కన ఏదో ఒకటి చేర్చి సేవ్ చేసుకోవడం ఆయన అలవాటు. ‘హరిత పడవ’ అని ఉంది. నంబరు రాసుకున్నాను. తర్వాత, తలుపు వైపు ఒకసారి చూసి, నా పేరు కూడా వెతికాను. ‘శిరీష కొత్త నంబర్’ అని ఉంది. ఆ నంబరు తీసుకుని పదకొండేళ్లయింది.