మరువం లేని దండ

గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో బంతిపూల కుప్పలు దాటి ఎడమకు తిరిగితే, తడి గోనెసంచుల మీద మరువం కట్టలు పరిచి అమ్మే చోటు వస్తుంది. ప్రతి గురువారం ఉదయం ఏడు గంటలకు పూజకు పూలు కొనడానికి వెళతాను. ఆ చోటికి ఇంకా పన్నెండు అడుగులు ఉందనగానే వాసన నన్ను పట్టుకుంటుంది. నా ప్రమేయం లేకుండానే కుడిచెయ్యి లేచి జడ మొదలు తడుముకుంటుంది. అక్కడ ఏమీ ఉండదు. పదకొండేళ్ల వయసు తర్వాత నేను జడలో మరువం పెట్టుకోలేదు.

పురానాపూల్ వంతెన దిగగానే మా బాపు రాజయ్య పూలకొట్టు ఉండేది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, పైన ఒక రేకు. వేసవిలో తెల్లవారుజామునే తోటల నుంచి మల్లెల బుట్టలు దిగేవి. వానాకాలంలో మూసీ బురద వాసన ముందు కనకాంబరాలు వెలవెలబోయేవి. చలికాలంలో చామంతి చేదు మా బట్టలకూ అన్నానికీ కూడా అంటుకునేది. ఇత్తడి పళ్లెంలో నానబెట్టిన అరటినారను బాపు బొటనవేలి గోటితో చీల్చి, తొడ మీద ఒక్కసారి దొర్లించి, కళ్లు మూసుకునే దండ కట్టేవాడు. బడి లేని పూట నేనూ మా గల్లీ పిల్లలూ అరుగు మీద అష్టాచెమ్మా ఆడేవాళ్లం. పక్కింటి చాంద్‌బీ ఖాలా గుమ్మంలో కూర్చుని జరీ పని చేస్తూ మా దొంగాటలను పట్టేసేది. రంజాన్ నాడు ఆమె ఇంటి నుంచి షీర్‌ఖుర్మా వస్తే, బోనాలకు మా ఇంటి నుంచి బెల్లపన్నం వెళ్లేది. ఏ గిన్నే ఖాళీగా తిరిగి వచ్చేది కాదు.

ఆ గల్లీకి నల్లా తెప్పించినవాడు సత్తయ్య. అంతకుముందు ఒక్కో బిందెకూ రెండు వందల పన్నెండు అడుగులు నడిచేవాళ్లం, నేను లెక్కపెట్టాను. సర్కారీ కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేస్తూ, సైకిలుకు టిఫిన్ డబ్బా తగిలించుకుని అర్జీలు పట్టుకుని తిరిగిన రోజుల్లో ఆయన అందరికీ సత్తెన్న. ఎన్నికల్లో గెలిచాక సత్తయ్య సాబ్ అయ్యాడు. నల్లా విప్పిన రోజున బాపు వేసిన దండను మెడలోంచి తీసి, జనంలో నిలబడ్డ ఖాలా మెడలో వేశాడు.

"క్యా సత్తయ్యా, చునావ్ జీత్‌కే మోటే హో గయే!" అంది ఖాలా సిగ్గుతో, గెలిచి లావెక్కావని.

"నీ షీర్‌ఖుర్మా పుణ్యం ఖాలా! నువ్వు పెడితివి, నేను తింటి," అన్నాడాయన.

గల్లీ అంతా నవ్వింది. అప్పటినుంచి అదే ఆయన పద్ధతి. ఏ సభలోనైనా మెడలో పడ్డ దండ ఇంటికి తీసుకుపోడు. అక్కడున్న ముసలివాళ్లలో ఒకరి మెడలో వేసి దణ్ణం పెడతాడు. ఆ క్షణం కోసమే జనం వచ్చేవారు. ఆ ఏడాది ఆయన బడిపిల్లలకు పంచిన నోటుబుక్కుల్లో ఒకటి నాకు దక్కింది. నా మొదటి డైరీ అదే.

ఆయన మునిసిపాలిటీలో పనులు మంజూరు చేసే కమిటీకి పెద్ద అయ్యాక మా కొట్టుకు కొత్తరకం బేరం మొదలైంది. స్కూటరు మీద ఒక గుత్తేదారు మనిషి వచ్చి, పెద్ద దండ చెప్పి, ఉర్దూ పేపరులో చుట్టిన పొట్లం ఇచ్చి వెళ్లేవాడు. దండ కింద వేలాడే కుచ్చులో మామూలుగా ఎండుగడ్డి కూరి పైన పూలు చుడతారు. ఈ దండలకు గడ్డి బదులు పొట్లం. నా వేళ్లు సన్నవి కనుక కూరే పని నాది. వేలితో నొక్కితే పొట్లం కొత్త పుస్తకంలా గట్టిగా తగిలేది. ఏముందో బాపు చెప్పలేదు. నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

"పొట్లమున్న దండకు మెడకాడ మరువం గట్టు బిడ్డా. ఒక్కదానికే. ఎందుకని అడగకు," అనేవాడు బాపు.

ఎందుకో ఎంతో ఆలస్యంగా తెలిసింది. దండ మెడలో పడగానే ముక్కుకు మరువం తగిలితే సత్తయ్య దాన్ని ఎవరికీ వేసేవాడు కాదు. "ఇది దేవునికి" అని డ్రైవరు చేతికిచ్చేవాడు. చూడనక్కరలేదు, తడమనక్కరలేదు. అలాంటి దండలు నేను ఆరు కట్టాను.

ఏడోది బహదూర్‌పురాలో ఒక సర్కారు భవనానికి శంకుస్థాపన రోజుది. మా గల్లీ వాళ్లందరినీ లారీలో తీసుకువెళతారని, ఖాలా కూడా వస్తుందని తెలిసి, నేను ఉన్నవాటిలో మంచి లంగా తీసి పెట్టుకున్నాను. ఆ పూట కొట్టులో మరువం ఒకే ఒక్క రెమ్మ మిగిలింది. దాన్ని చాలాసేపు చూశాను. తర్వాత జడలో తురుముకుని, దండకు దవనం కట్టాను. రెండూ పచ్చనివే, రెండూ పరిమళించేవే, ఏదైతేనేం అనుకున్నాను. బాపు అప్పుడు పెళ్లివారి బేరంలో ఉన్నాడు.

సభ సాయంత్రం నాలుగున్నరకు మొదలైంది. పక్కనున్న జూ నుంచి పులి గాండ్రింపు వినిపించినప్పుడల్లా పిల్లలం ఒకరినొకరు గిల్లుకున్నాం. గుత్తేదారు దండ వేశాడు. సత్తయ్య ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాడు. మొదటి వరుసలో ఖాలా అలవాటుగా కొంగు సర్దుకుని తల వంచింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆయన దండ తీసి ఆమె మెడలో వేశాడు.

"యా అల్లా, ఇత్తా భారీ! పత్తర్ డాలే క్యా రే రాజయ్యా?" అంది ఖాలా, ఇంత బరువేంటి, రాళ్లు కూరావా అన్నట్టు బాపు వైపు చూస్తూ.

జనం పగలబడి నవ్వుతుండగానే, ఆమె కుచ్చును రెండు చేతులతో ఎత్తబోయింది, నార తెగింది. పొట్లం ఆమె పాదాల మీద పడి విచ్చుకుంది. నవ్వు అణగిపోయింది. అన్నీ వంద రూపాయల నోట్లు. బందోబస్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చాడు. ఖాలా వంగి, ఒక్కొక్క నోటూ ఏరి, ఆయన చేతిలో పెట్టింది.

"దండ నాకిచ్చిండు సాబ్. పైసలు నాకియ్యలే," అంది.

నేను సత్తయ్య ముఖం చూడలేదు. నా జడలోంచి మరువం వాసన వస్తోంది. అంత జనంలో, అంత దుమ్ములో, అదొక్కటే వాసన.

కేసు నాలుగేళ్లు నడిచింది. గుత్తేదారు నేరం ఒప్పుకుని సాక్షిగా మారాడు. బాపును కోర్టు బోనులో నిలబెట్టి కుచ్చు ఎవరు కట్టారని అడిగితే "నేనే కట్టిన సార్" అన్నాడు. లోపలేముందో తెలుసా అంటే "తెల్వదు సార్" అన్నాడు. రెండు జవాబులు, రెండూ అబద్ధాలు. మొదటిది నా కోసం, రెండోది మా అందరి అన్నం కోసం. మరువం అయిపోయిందని నేను చెప్పిన మాటను ఆయన నమ్మాడు. సత్తయ్యకు రెండేళ్ల శిక్ష పడింది. సభల దండల బేరం మాకు పూర్తిగా పోయింది; మూర మల్లెలు, పటాలకు హారాలు మిగిలాయి.

శిక్ష ముగిశాక ఒక మధ్యాహ్నం ఆయన నడిచి మా కొట్టుకు వచ్చాడు. చొక్కా భుజాల దగ్గర వదులైంది. బాపు గబుక్కున లేచి నిలబడ్డాడు.

"కూసో రాజన్నా. రెండు మూరల మల్లెలియ్యి, మా ఇంటామె పటానికి." ఆయన జైల్లో ఉండగానే భార్య పోయింది.

"సాబ్, ఆ దినం మరువం అయిపోయింది. తప్పు నాదే," అన్నాడు బాపు.

"ఇంక సాబేంది? సత్తెన్న అను," అన్నాడాయన. "మరువం సంగతి గాదు రాజన్నా. బరువు నా మెడకు తెల్వదా? తెల్సింది. గని అప్పటికే ఖాలా తల వంచింది. అందరు నా చేతుల దిక్కే చూస్తున్నరు. ఇయ్యకపోతె సత్తయ్య దండ దాసుకున్నడంటరని ఇచ్చిన."

చెప్పాల్సిన మాట నా నాలుక చివర ఉంది. అప్పుడే ఆయన నా వైపు తిరిగాడు.

"పూలమ్మే ఇంటి పిల్లవు, జడల పువ్వు లేదేంది బిడ్డా?"

కొన్న మల్లెల్లోంచి జానెడు తుంచి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాట అక్కడే ఉండిపోయింది.

మరుసటి వానాకాలం ఆయన పోయాడు. బాపు కుచ్చులో ఎండుగడ్డి కూరి, మెడ దగ్గర నిండుగా మరువం కట్టి దండ తీసుకువెళ్లాడు. ఒకప్పుడు గల్లీ పట్టనంత జనం వచ్చిన మనిషి దగ్గర ఆ రోజు పదకొండు మందిమి ఉన్నాం. దండ ఎవరు వెయ్యాలని బాపు తటపటాయిస్తుంటే ఖాలా చెయ్యి చాపింది. "నాకు ఎన్నో ఏసిండు. ఒక్కటన్న నేనెయ్యాలె," అంది.

ఇప్పుడు పురానాపూల్ దగ్గర మా కొట్టు ఉన్నచోట మొబైలు రీఛార్జి డబ్బా ఉంది. ఖాలా ఇంటి గుమ్మం మూడంతస్తుల మేడ కిందికి పోయింది. నల్లా ఎండిపోయి, దాని గొట్టానికి ఎవరో మేకను కడుతున్నారు. మార్కెట్టులో కుచ్చులకు గడ్డి పోయి థర్మాకోలు వచ్చింది. అయినా వేలాడే ప్రతి కుచ్చునూ దాటేటప్పుడు నేను బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తాను.

మొన్న గురువారం మరువం అమ్మే పిల్ల ఒక రెమ్మ చాపి, "ఉట్టిగనే ఇస్తున్న, జడల పెట్టుకో అమ్మా," అంది. తీసుకుని, గుప్పిట్లోనే పట్టుకుని ఇంటికి వచ్చాను. సత్తయ్య ఇచ్చిన ఆ పాత నోటుబుక్కు తీశాను. బహదూర్‌పురా సభ రోజు కింద పిల్లచేతి గుండ్రటి అక్షరాల్లో రెండే వాక్యాలున్నాయి: "మరువం అయిపోయింది. దవనం కట్టాను." ఇన్నేళ్లుగా డైరీల్లో రాసుకున్న ప్రతి తేదీనీ ప్రతి మొత్తాన్నీ రెండుసార్లు సరిచూసుకున్న దాన్ని, ఆ పుటను మాత్రం ఎప్పుడూ సరిచూడలేదు. మొదటి వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసి, దాని పైన రాశాను: "ఒక రెమ్మ ఉంది. నా జడలో."