జైనబ్ చాచీ తిన్న మొదటి ముద్ద

మొన్న మెట్‌పల్లిలో ఒక పెళ్లి భోజనాలు ముగిశాక, మిగిలిన బగారా అన్నం గంజు మీద మూత తీశాను. లవంగాల వాసనతో వెచ్చని ఆవిరి ముఖానికి తగలగానే జైనబ్ చాచీ గుర్తొచ్చింది. మా ఎదురింట్లో ఉండేది. బట్టలు కుట్టి బతికేది. ఊళ్లో ఎవరింట దావత్ జరిగినా, పంక్తులు లేవగానే ఆటోలో వెళ్లి మిగిలిన అన్నం సర్కారు దవాఖానకు చేర్చేది. రోగులకు తోడుగా వచ్చి వరండాలో పడి ఉండేవాళ్లకు వడ్డించేది.

మా అన్న పెళ్లిలో మిగిలింది కూడా ఆమెకే ఇచ్చాం. ఆటోలో పెట్టే ముందు ప్రతి గిన్నెలోంచీ ఒక ముద్ద తీసి తింది. పప్పు దగ్గర ఆగిపోయింది.

"పులిసింది. గిది వద్దు."

మా బాపుకు చిన్నతనమనిపించింది. "ఆకలైనోనికి పులుపు ఎరుకైతదా?" అన్నాడు.

"ఎరుకైతది అన్నా. నోరు తెరిచి చెప్పలేరు, గంతే" అంటూ పప్పంతా తన చేతులతోనే పారబోసింది.

చుట్టాల ముందు పరువు తీసిందని నాకూ కోపం వచ్చింది. మర్నాడు వెళ్లి అడిగేశాను. చాచీ కుట్టుమిషన్ ఆపింది.

"మా సలీంకు నాలుగేండ్లప్పుడు జరమొస్తే గా దవాఖానల్నే ఉన్నం. ఎవరో దావత్‌ల మిగిలింది తెచ్చి పంచిండ్రు. వాసన నాకు తెలిసింది బేటా. పొద్దటి సంది పోరడు ఏం తినలే. తెలిసే పెట్టిన."

ఆ రాత్రి నుంచే వాంతులు. మూడో రోజు పిల్లవాడు పోయాడు. జ్వరం ముదిరే పోయాడని డాక్టరు ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. ఆ మాట విన్నాక నేనూ ఆమె వెంట వెళ్లడం మొదలుపెట్టాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక విషజ్వరం చాచీకి రుచీ వాసనా తెలియకుండా చేసింది. "ఇగ నువ్వే చూడాలె బేటా" అంది. అప్పటికి నేను టీచర్ని. బడి నుంచి వెళ్లి నేనే తిని చెప్పేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, ఒక దావత్ దగ్గర్నుంచి ఆమె ఫోన్ చేసింది. అరగంటలో వస్తానన్నాను. వెళ్లేసరికి నాలుగు దాటింది. ఎండలో గిన్నెల పక్కనే కూర్చుని ఉంది. పప్పు పులిసిపోయింది, అన్నం జిగురు పట్టింది.

"ఇంకెవరినైనా అడగకపోయినవా చాచీ?"

"అడిగిన. మంచిగనే ఉన్నది తీస్కపో అన్నరు. నోట్లె పెట్టుకోమంటే ఎవ్వలు పెట్టుకోలే."

ఇద్దరం కలిసి అంతా పారబోశాం. చాచీ చేతులు కడుక్కుంది. "ఎదురుచూస్తుంటరు. ఇయ్యాల లేదని చెప్పొస్త" అని ఉత్త చేతులతో దవాఖానకు బయల్దేరింది. నేను వెంట వెళ్లలేదు. సిగ్గేసింది. ఆ వరండాలో నిలబడి వాళ్లకు ఏం చెప్పిందో తర్వాత కూడా అడగలేకపోయాను. నెల తిరక్కముందే చాచీ పోయింది.

ఇప్పుడు ఎక్కడ అన్నం మిగిలిందని ఫోన్ వచ్చినా వెంటనే బయల్దేరుతాను. ఎంత ముందుగా వెళ్లినా, ఆ ఒక్క మధ్యాహ్నాన్ని మాత్రం అందుకోలేను.