వాగులో బయటపడ్డ బెల్లం

నేను జీపు నేర్చుకున్న ఏడాదే మేడారం జాతర వచ్చింది. డెబ్బయిల చివరి మాట. అంతకు కొద్దినెలల ముందు మా చిన్నవాడికి విడవని జ్వరం వస్తే నా భార్య మొక్కుకుంది: వాడు కోలుకుంటే వాడి బరువుకు సరితూగే బంగారం సమ్మక్కకు ఇస్తానని. అక్కడ బంగారమంటే బెల్లం. జ్వరం తగ్గింది దవాఖానలో వేసిన సూదిమందుతో. ఈ మాట ఆనాడూ అన్నాను, ఇవాళా అంటాను.

అప్పట్లో నేను మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. మా బెల్లాన్ని జాతర బస్సులో ఎవరైనా చూస్తే? అందుకే ఒక మిత్రుడి జీపు అడిగి తెచ్చాను. పస్రా దాటాక తారురోడ్డు వదిలి అడవిలో బండ్లబాట పట్టాను.

"కొత్తగ నేర్చినోడు సుత తోల్తడు, ఫికర్ చెయ్యకు" అని చెప్పి పంపాడు మిత్రుడు. నిజమే. టేకాకులు పరుచుకున్న మెత్తని నేల, ఎడ్లబండ్ల చక్రాలు చేసిన రెండు గాడులు. వాటిలో చక్రాలు పెట్టి రెండో గేరులో పోతే చాలు. బాట నన్ను భయపెట్టలేదు. ఎదురొచ్చే ప్రతి మనిషీ భయపెట్టాడు.

"బుట్టల మీద దుప్పటి కప్పు" అన్నాను.

"దొంగసొమ్మా?" అంది నా భార్య.

"దుమ్ము పడుతుంది."

కప్పింది. ఆమెకు అన్నీ తెలుసు.

కొంత దూరం పోయాక వాగు. నీళ్లు చీలమండ లోతే, ఇసుకే ఎక్కువ. ఆగకుండా పోతే దాటేవాణ్ణి. అవతలి గట్టున ఎద్దులకు నీళ్లు పెడుతున్న వాళ్లు కనిపించారు. వాళ్ల ఊళ్లో నేను మొక్కులొద్దని మాట్లాడి ఎన్నాళ్లో కాలేదు. కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

వాళ్లే పరుగెత్తుకొచ్చారు. "సామాను దించుండ్రి సారూ, జర అల్కగైతది" అంటూ ఒకాయన దుప్పటి లాగేశాడు.

ఒక ముసలామె ముక్కు మీద వేలేసుకుంది. "ఏం సారూ, బెల్లమంత చీమలపాలని మైకుల మొత్తుకుంటివి గద! గిప్పుడు చీమలకు జీపుల ఏస్కపోతానవా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో విషం లేదు. నా భార్య పిల్లవాణ్ణి చంకనేసుకుని నీళ్లలోకి దిగింది.

"మొక్కు నాది పెద్దమ్మా. ఆయన నమ్మడు. డ్రైవర్ దొరకక ఈయన్నే తోల్కచ్చిన."

"డ్రైవర్ సుత కొత్తోడే దొరికిండు బిడ్డా!"

ఆడవాళ్లు మగవాడి నీడలో బతకకూడదని వేదికలెక్కి అరిచినవాణ్ణి. ఆ వాగులో ఆమె నీడలో దాక్కున్నాను. నమ్మకం లేకపోవడంలో సిగ్గుపడేదేమీ లేదు. పక్కవాడి నమ్మకాన్ని మైకులో చీల్చి చెండాడి, ఇంట్లో మొక్కును కప్పిపెట్టడం ఏ హేతువాదం? "దాచమన్నది నేనే" అంటే సరిపోయేది. అనలేదు.

బంగారాన్ని తడి ఇసుకలో పెట్టకూడదని ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని గట్టు చేర్చారు. మగవాళ్లు జీపు నెట్టారు. ముసలామె నన్నడక్కుండానే ముందు సీటెక్కింది. అక్కణ్ణుంచి మేడారం దాకా కలిసిన ప్రతి బండినీ కేకేసి పిలిచింది. "ఎవలనుకున్నరు? మొన్న మొక్కులొద్దన్న సారు! పెండ్లాం మొక్కుకు బండి తోల్తాండు!"

వెనక నా భార్య పకపకా నవ్వుతోంది. నేను బాట మీదనుంచి చూపెత్తకుండా తోలాను.